చెవి మిషన్‌లో చప్పుడు

చెవి మిషన్లు బాగుచేసే కొట్టు నాది. గులిమి, జిగురు, టంకం పొగ కలిసిన వాసనకి అలవాటు లేనివాళ్ళు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటారు. ఆ మధ్యాహ్నం తాతయ్య వచ్చి, ఎప్పటిలాగే ఉంగరంతో తలుపు మీద కొట్టాడు. రెండు గబగబా, ఒకటి ఆగి.

"తలుపు తెరిచే ఉందిగా, ఇంకా కొడతావేం తాతయ్యా?"

"మర్యాద తెలిసినవాణ్ణే బుల్లీ" అంటూ తన మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. "మళ్ళీ టకటక మొదలెట్టింది. చూడు."

యుద్ధంలో తాతయ్య నావికుడు. నీళ్ళ కింది చప్పుళ్ళు వినడం ఆయన పని. ఒకరోజు వీళ్ళ ఓడ పక్కనే వస్తున్న ఇంకో ఓడని శత్రువుల జలాంతర్గామి ముంచేసింది. అందులో చిక్కుకున్నవాళ్ళు ఇనుప గోడల మీద కొడుతూనే ఉన్నారట. తాతయ్య విన్నాడు. జలాంతర్గామి ఇంకా అక్కడే పొంచి ఉంది, ఆగితే వీళ్ళూ మునగాల్సిందే. వీళ్ళ ఓడ ఆగలేదు. ఏటా ఆ పోయినవాళ్ళ కోసం పడవలో వెళ్ళి పూలు వదులుతారు. ఎంత బతిమాలినా తాతయ్య మాత్రం ఇల్లు కదలడు. ఈ ఏడు ఆ పూలు వదిలే రోజు మర్నాడే.

ముసలి చెవులు మోగుతున్నాయనుకున్నాను. బ్యాటరీ తీసేసి, మిషన్ నా చెవిలో పెట్టుకున్నాను.

టక్... టక్... టక్...

బ్యాటరీ నా అరచేతిలోనే ఉంది.

తుప్పు వాసన. ఉప్పు వాసన. చెవిలో చల్లగా తడి... అలసిపోయిన చెయ్యి ఎవరిదో, నెమ్మదిగా కొడుతోంది.

నాకో పాడు అలవాటు. ఏ మిషన్ పరీక్షించినా గోటితో దాని మీద కొట్టి చూస్తాను. రెండు గబగబా, ఒకటి ఆగి. తాతయ్య నుంచే అబ్బింది. చెయ్యి దానంతటదే లేచింది. కొట్టేశాను.

అటు చప్పుడు ఆగిపోయింది.

తర్వాత... ఒక్కసారిగా... వందల చేతులు.

మిషన్ పీకి పారేశాను. తాతయ్య నా మొహం చూసి గుసగుసగా అడిగాడు.

"జవాబిచ్చావా?"

"అలవాటులో..."

"ఇన్నేళ్ళూ పళ్ళు బిగబట్టి ఊరుకున్నానే! ఇప్పుడు ఎవరో వస్తున్నారని ఆశపడతారు. ఒకరైనా వెళ్ళొద్దూ?"

మర్నాడు పొద్దున్నే ఆయన పడవెక్కడానికి తయారయ్యాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను. వింటేనా! మిషన్ కూడా నా బల్ల మీదే వదిలేశాడు. పడవలో ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. పూలు వదులుతుంటే అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. తలెత్తేసరికి నా చేతిలో తడి మాత్రమే ఉంది. నీళ్ళలో ఏదీ పడిన చప్పుడే కాలేదు.

చీకటి పడేదాకా వెతికారు. దొరకలేదు.

ఇప్పుడు కొట్టులో ఆ మిషన్ చెవిలో పెట్టుకుంటే, ఆ చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్కటే వినిపిస్తోంది. రెండు గబగబా... ఒకటి ఆగి.

పిడికిళ్ళు బిగించి కూర్చున్నాను. జవాబిస్తే నేనూ వస్తాననుకుంటాడు. ఇవ్వకపోతే పాపం, ఒక్కడే అలా కొడుతూనే ఉంటాడు. ఏం చెయ్యను? నావల్ల ఏమవుతుంది?

ఇందాకటి నుంచి ఆ చప్పుడు మిషన్‌లోంచి రావడం లేదు. కొట్టు తలుపు మీంచి వస్తోంది.

తలుపు తెరిచే ఉంది.