తాళం పడిన కృతజ్ఞతలు

పాకం కాచే షెడ్డులో ఎమ్మెట్ అడుగుపెట్టగానే ఆవిరిలోంచి డెలియా గొంతు వినిపించింది.

“రండి డాక్టరుగారూ! దారి తప్పారా?”

రెండేళ్లు డెలియా వాళ్ల తోటలో, పాకానికి తీపి రసమిచ్చే మేపుల్ చెట్లను కొలిచి, ఫలితాలు చెబుతానని మాటిచ్చి వెళ్లిన మనిషి అతను. పరిశోధన పేపరు అచ్చయ్యాక లింకు పంపాడు. ఈ పిల్ల ఉలకలేదు, పలకలేదు. అతనికీ ఒళ్లు మండుతూనే ఉంది.

“లింకు పంపితే ఒక్క థాంక్స్ కూడా చెప్పవా?”

“నువ్వే తెరువు, చూద్దాం.” ఫోను అతని చేతిలో పెట్టింది.

పేపరు పేరు, కింద తన పేరు, దాని కింద తాళం బొమ్మ. చదవాలంటే డబ్బు కట్టమంటోంది. యూనివర్సిటీలో నొక్కగానే తెరుచుకునేది. చందా వాళ్లు కడుతున్నారన్న సంగతి అతనికి ఏనాడూ తట్టలేదు. అంత చదువు చదివీ బయటినుంచి ఒక్కసారి చూసుకోలేదు.

“వెక్కిరించడానికే పంపావనుకున్నా. నువ్వు చెబుతావని నాన్న ఎదురుచూసీ చూసీ, నిన్న పైగుట్ట చెట్లకి కూడా రసం కోసం కన్నాలు పెట్టేశాడు.”

“అయ్యో! ఆ చెట్లకి ఈ ఏడు విశ్రాంతి ఇవ్వాలనే కదా రాశాను!”

“ఎవరికోసం రాశావ్?”

ఎమ్మెట్ తిన్నగా గుట్టెక్కి, చెట్లకు తగిలించిన రసం బకెట్లు దించుతూ, “తప్పంతా నాదేనండీ” అన్నాడు ఆమె తండ్రి వెండెల్‌తో. ఆయన ఇంకో బకెట్ దించి అందించాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

తన రాతప్రతిని యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా అందరికీ ఉచితంగా ఇచ్చే హక్కు అతనికి మొదటినుంచీ ఉంది. బద్ధకించాడంతే. ఆ వారమే ఇచ్చేశాడు. ఆదివారం షెడ్డు ముందు ఊరంతా చేరి, మంచు మీద వేడి పాకం పోసుకుని తింటూ, ఫోన్లలో పేపరు తెరిచి అతన్ని ప్రశ్నలతో నమిలేశారు.

డెలియా మాత్రం చివరి పేజీలో, కృతజ్ఞతల దగ్గర ఆగిపోయింది.

“‘మంచులో నాతోపాటు నిలబడిన డెలియాకు. నేను మళ్లీ మళ్లీ వచ్చింది కొలతల కోసం కాదు.’ ఏంటిది?”

ఎమ్మెట్ చెవులు ఎర్రబడ్డాయి. “అది చదివే నువ్వు కాదన్నావనుకున్నా.”

“ప్రేమ సంగతి తాళంవేసి చెప్తారా ఎవరైనా? ఇప్పుడిది అందరూ చదవొచ్చా?”

“ప్రపంచంలో ఎవరైనా.”

“సిగ్గుగా లేదూ?”

“చచ్చేంత సిగ్గుగా ఉంది.”

“అయితే నోటితో చెప్పు.” అంటూనే ఇంత పాకం ముద్ద అతని నోట్లో కుక్కింది. అది పళ్లకు అతుక్కుపోయింది.

“విశ్రాంతి చెట్లకే, నీక్కాదు. రేపు పొద్దున్నే వచ్చెయ్” అన్నాడు వెండెల్, నవ్వాపుకుంటూ.

ఎమ్మెట్ ఎలాగో పాకం మింగి, ఊరంతా వినేలా చెప్పాడు.