అంగిట్లో చిల్లు

నెలీదా ఆ ఉదయం కూడా ఉడికించిన బంగాళాదుంపలూ జున్నూ రెండు చోట్ల పెట్టింది. తనకూ కూతురికీ వంటింటి బల్ల మీద, మొగుడికి పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద.

"చలిగా ఉంది నాన్నా, లోపలికొచ్చి తిను," అంది మారిబెల్.

"అక్కర్లేదు," అంది నెలీదా, అతను కదలకముందే. "ఆ ముక్కు కంపుకి నాకు ముద్ద దిగదు. తిన్నదంతా కక్కుకోమంటావా?"

ఆవిడ మొగుడు తెయోఫిలో తొట్టి గట్టు దగ్గరే కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. ఆ కొండ ఊరు వాంకాయోలో ఏ ఊరేగింపు జరిగినా ఆయన సాక్సఫోన్ మోగాల్సిందే. చలికాలం మొదట్లో ఎడమ ముక్కు దిబ్బడేసింది. జలుబనుకున్నాడు. తర్వాత చీదితే నెత్తుటి చారలు, నల్లటి పెచ్చులు. బుగ్గ వాచింది. సాయంత్రానికి జ్వరం, రాత్రికి ఒళ్ళంతా చెమట. సైనస్ అని మందులిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. మందు మార్చినా అంతే. చివరికి ఒక క్లినిక్‌లో డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, భార్య ఎదుటే అడిగాడు.

"ఎన్నాళ్ళనుంచి పీలుస్తున్నారు? కొకైన్ పీల్చేవాళ్ళకే లోపలి గోడ ఇలా తినేసినట్టు ఉంటుంది."

తను ఏనాడూ ముట్టలేదని తెయోఫిలో ఒట్టేశాడు. నెలీదా వినలేదు. పండగల్లో తెల్లవార్లూ వాయించేవాళ్ళు ఏమేం పీలుస్తారో ఆవిడ చాలా కథలు వింది. ఇంటికి రాగానే సాక్సఫోన్ పెట్టె లోపలి గుడ్డ చింపి వెతికింది. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది. అంత జాగ్రత్తగా దాస్తున్నాడన్నమాట! వాయిద్యబృందం పెద్దకి తనే ఫోన్ చేసి, "మా ఆయనకి మత్తు అలవాటైంది, ఇక పిలవకండి," అని చెప్పింది. ఇంకో ఆస్పత్రికి వెళ్తానంటే, "పొడి తెచ్చుకోవడానికి వంకా?" అని వీధి తలుపుకి తాళం వేసింది. ఆయన పక్కబట్టలు సామాన్ల గదిలోకి విసిరేసింది. సాక్సఫోన్ ఊదితే గాలి ముక్కులోంచే పోయేది. మాట కూడా ముక్కులోంచే వస్తూ ఎవరికీ అర్థం కాకుండా పోయింది. అదీ మత్తేనంది నెలీదా.

ఒక ఆదివారం మారిబెల్‌ని పెళ్ళికి అడగడానికి పెళ్ళికొడుకు తల్లిదండ్రులు వచ్చారు.

"నువ్వు గదిలోంచి బయటికి రాకు. ఊళ్ళో లేవని చెప్తాను," అంది నెలీదా మొగుడితో.

ముందుగదిలో నవ్వులు వినపడుతుంటే తెయోఫిలో ఉండలేకపోయాడు. అడగడానికి వచ్చింది తన కూతుర్నే కదా. మంచి సూటు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. అది భుజాల మీంచి వేలాడుతోంది. పిల్ల తండ్రినని చెప్పబోయాడు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్ళికొడుకు తల్లి ఒర్తెన్సియా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

మర్యాదకి ఆయన ముందూ మాంసం సూపు పెట్టారు. ఒక చెంచా తాగాడు. ఉడికిన మొక్కజొన్న పలుకుతో సహా సూపు ముక్కులోంచి బల్లగుడ్డ మీద పడింది.

"ఓరి దేవుడా! ఇదేం జబ్బమ్మా?" అని లేచింది ఒర్తెన్సియా.

"జబ్బా, పాడా! పొడి పీల్చి పీల్చి ముక్కు కుళ్ళబెట్టుకున్నాడు," నెలీదా అరిచింది. "పిల్ల పెళ్ళి చెడగొడితే గానీ కడుపు నిండలేదు ఈ మనిషికి. చచ్చినా పీడా విరగడయ్యేది!"

మారిబెల్ తల వంచుకుంది. తనూ అదే నమ్మింది. తండ్రి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోరు తెరిచి, వేలితో పైకి చూపించాడు. వాసనకి మొహం తిప్పుకోబోయి, ఆగి చూసింది. అంగిట్లో బొటనవేలు దూరేంత చిల్లు. చుట్టూ నల్లటి అంచు.

"అమ్మా, ఇలా వచ్చి చూడు."

"నేను చూడను."

"చూడాలి! ఇన్ని వారాలుగా గడప దాటనివ్వలేదు కదా నువ్వు. మరి పొడి ఎక్కణ్ణించి వచ్చింది? గోడల్లోంచా? ఈ చిల్లు ఎలా పడింది?"

చుట్టాలు వెళ్ళొస్తామని కూడా అనకుండా వెళ్ళిపోయారు.

మారిబెల్ అప్పుడే తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మొదట పరీక్షకి కోసి తీసిన ముక్కలో చచ్చిన కండ తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకాస్త లోతుగా తీసి రాజధాని లిమాకి పంపితే అసలు సంగతి బయటపడింది. ముగ్గురూ బస్సెక్కి లిమా వెళ్ళారు.

"ఇది ముక్కులో పుట్టే లింఫోమా. కాన్సరే," అంది అక్కడి డాక్టరమ్మ. "మన కొండ ఊళ్ళవాళ్ళలో, ఈ వయసు మగవాళ్ళలో తరచూ చూస్తుంటాం. దాదాపు అందరి ఒంట్లోనూ ఉండే ఒక వైరస్ కొందరికి ఇలా ఎదురు తిరుగుతుంది. సైనస్ అనో కొకైన్ అనో నెలలు గడిచాక గానీ మా దగ్గరికి రారు."

"పీల్చడం వల్ల కాదా?" అడిగింది నెలీదా.

"కాదు. ఏ మత్తూ లేదు ఈయన ఒంట్లో. ముక్కు దాటకముందే వచ్చుంటే రేడియేషన్‌కి బాగా లొంగేది. ఇప్పుడు కంటి వెనక్కి పాకింది. మా ప్రయత్నం మేం చేస్తాం. ఇంతకాలం ఎందుకు ఆగారు?"

తెయోఫిలో గోడకేసి చూశాడు. మారిబెల్ తల్లికేసి చూసింది.

"నేనే తలుపుకి తాళం వేశాను," అంది నెలీదా.

డాక్టరమ్మ తల వంచి కాగితం మీద రాసుకుంది. ఏదైనా అంటే బాగుండుననిపించింది నెలీదాకి.

రేడియేషన్‌తో నోరంతా పుండైంది. నెలీదా గంజి చల్లార్చి పెట్టబోతే ఆయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. కూతురు పెడితే మింగేవాడు. పెళ్ళివారు మళ్ళీ కబురు పెట్టలేదు. మారిబెల్ కూడా ఎదురుచూడలేదు.

చిల్లుకి అడ్డంగా ప్లాస్టిక్ పలక అమర్చిన రోజున ఆయన మాట మళ్ళీ తేటగా వినిపించింది. మంచినీళ్ళు అడిగాడు, అంతే. అది విని నెలీదా మంచం పక్కన కూలబడింది.

"నన్ను తిట్టు తెయో. నోటికొచ్చినట్టు తిట్టు. ఇలా ఊరుకోకు."

ఆయన ఆవిడకేసి చూశాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంట్లో కోపం చల్లారలేదు.

"తిట్టాల్సింది చాలా ఉంది," అన్నాడు. "ఇక్కడ ఓపిక లేదు. ఇంటికెళ్ళాక తిడతాను."

ఇంటికెళ్ళాక అన్నాడు. నెలీదా దుప్పటి మీదుగా ఆయన కాళ్ళు పట్టుకుని వార్డంతా వినపడేలా ఏడ్చింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.