పసుపు కోటు వాళ్లని చూడొద్దు

"గురువారం పదకొండున్నరకి వంతెన పేలిపోతుంది," అన్నాడు పెద్దాయన, బస్సు టైము చెప్పినంత తాపీగా.

ఎదురుగా కూర్చున్న తొండ రెప్ప కూడా వెయ్యలేదు. తొండ అనేది గూఢచారి డిపార్ట్‌మెంటులో అతని కోడ్ నేమ్. ఊసరవెల్లి అని పెడదామనుకున్నారు గానీ వైర్‌లెస్‌లో పిలవడానికి పొడుగైపోతుందని కుదించారు. ప్రస్తుతం అతని రంగు ఆంబులెన్స్ డ్రైవర్ రంగు. మూడు వారాలుగా ఆ వంతెన ఉన్న చిన్న ఊళ్లో ఏడో నంబరు బండి నడుపుతున్నాడు.

"ఆదివారం నుంచి మన సైన్యం ఆ వంతెన మీంచే సరిహద్దుకి కదులుతుంది," అన్నాడు పెద్దాయన. "ట్యాంకులు, ట్రక్కులు, పెట్రోలు బండ్లు. అందుకే ఊళ్లో పోలీసులు, ఫైర్ వాళ్లు, ఆసుపత్రి, నీళ్ల డిపార్ట్‌మెంటు అందరూ కలిసి గురువారం ఫుల్ డ్రిల్ చేస్తున్నారు. వంతెన పేల్చాలని జల్లెడ ముఠా ఆ డ్రిల్‌లోకి దూరింది."

"అయితే డ్రిల్ ఆపెయ్యండి సార్."

"ఆపితే ముఠా మాయం. మళ్లీ ఎక్కడో తేలుతుంది. అప్పుడు మనకి టైము కూడా తెలీదు."

"ముఠాలో మన మనిషి ఎవరైనా ఉన్నారా?"

"ఉంది. డ్రిల్ నడిపించే కన్సల్టెంట్ మేడమ్. 'బండిలో ఏసీ పనిచేస్తుందా' అని అడుగుతుంది. 'ఎండాకాలంలో తప్ప' అని చెప్పు."

"నమ్మొచ్చా?"

పెద్దాయన ఫైలు మూసేశాడు. "నమ్ము. కానీ వీపు చూపించకు."

*

గురువారం పొద్దున తొండ వాళ్ల అక్క ఇంట్లో టీ తాగుతున్నాడు. అక్క కంట్రోల్ రూమ్‌లో ఆంబులెన్స్ ఫోన్లు ఎత్తుతుంది. తమ్ముడి అసలు ఉద్యోగం ఆవిడకి తెలీదు. చెబుదామంటే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"నాలుగేళ్లలో ఆరు ఉద్యోగాలు మార్చావు. లిఫ్ట్ ఆపరేటర్ అన్నావు, కొరియర్ అన్నావు, ఏదీ నిలవలేదు," అంది అక్క, కూతురి జడ అల్లుతూ. "కాళ్లావేళ్లా పడి ఇది ఇప్పించాను. దీన్నైనా నిలబెట్టుకోరా."

"మామయ్యా, ఇవాళ మాకు బస్సు!" అంది అయిదేళ్ల మేనకోడలు, జడ లాగుతున్నా ఆగకుండా గెంతుతూ. "సైరన్ మోగగానే వంతెన అవతలికి!"

తొండ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్నింటికి?"

"పదకొండున్నరకి," అంది అక్క. "నర్సరీ పిల్లలు పాతికమందినీ షెల్టర్‌కి తరలించడం. డ్రిల్‌లో భాగమేగా."

"దీన్ని మానిపించెయ్యి అక్కా. ఒళ్లు వెచ్చగా ఉందని చెప్పు."

అక్క చెయ్యి ఆగింది. తమ్ముడి మొహంలోకి చూసింది. పిల్ల నుదురు తాకింది, మళ్లీ మెడ కింద తాకింది. చల్లగానే ఉంది.

"కంట్రోల్ రూమ్‌లో కూర్చునే నేనే నా పిల్లని దాచుకుంటే, మిగతా తల్లులు ఏ ధైర్యంతో పంపుతార్రా?" అంది. "ఏం, నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది? ఊరికే అన్నాను."

అక్క నమ్మలేదు. రిబ్బను ముడి ఒకటికి రెండుసార్లు బిగించింది.

*

తొమ్మిదింటికి ఫైర్ స్టేషన్ ఆవరణలో అందరూ వరసగా నిలబడ్డారు. మేడమ్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, నీలం సిల్కు స్కార్ఫు, దుమ్ములో నడిచినా దుమ్మంటని బూట్లు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అనుకున్నాడు తొండ.

"పసుపు కోటు వేసుకున్నవాళ్లు అబ్జర్వర్లు," అంది ఆవిడ. "మీ పని చూసి మార్కులేస్తారు. వాళ్లని పలకరించొద్దు, అడ్డుకోవద్దు, సాయం అడగొద్దు. మీ లెక్కన వాళ్లు అక్కడ లేరు. వాళ్లు కూడా దేన్నీ ముట్టుకోరు. పెన్ను కింద పడినా డ్రిల్ అయ్యేదాకా వంగి తీసుకోరు. కనిపించినా కనిపించనట్టే ఉండాలి. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్!" అన్నారు అందరూ.

తొండ పసుపు కోట్లవైపు చూశాడు. దేశం మీదికి యుద్ధం వచ్చేలా ఉందని ఇంత జాగ్రత్త పడుతున్నారు. కానీ ఒక పసుపు కోటు తొడుక్కుంటే చాలు, ఊళ్లో ఏ తలుపైనా తెరుచుకుంటుంది. ఆపేవాడుండడు.

కోట్లు లెక్కపెట్టాడు. పన్నెండు. వీళ్లలో ముఠావాడు ఎవరు? పొట్టివాడా? మాటిమాటికీ వాచీ చూసే బట్టతలా? చూస్తే అందరూ దొంగల్లాగే ఉన్నారు, కాసేపటికి అందరూ మంచివాళ్లలాగే ఉన్నారు.

మేడమ్ బండి పక్కనుంచి వెళ్తూ ఆగింది. "డ్రైవర్ గారూ, ఇందులో ఏసీ పనిచేస్తుందా?"

"ఎండాకాలంలో తప్ప."

"ఊరి చివర పంపు హౌస్," అంది పెదవి కదపకుండా. "మందుగుండు మీట అక్కడుంది. పదకొండుంబావుకల్లా ఉండు. ఒక్కడివే రా."

ఆ 'ఒక్కడివే' అన్న మాట తొండకి నచ్చలేదు.

*

పదకొండూ పది. పంపు హౌస్‌కి వెళ్లే లోపు డ్యూటీ ప్రకారం ఒక 'క్షతగాత్రుణ్ణి' ఎక్కించుకోవాలి. వంతెన మొదట్లో చెట్టు నీడన ఒక లావుపాటి ఫైర్‌మాన్ ఒంటినిండా ఎర్రరంగు పూసుకుని పడున్నాడు. మెళ్లో నల్ల ట్యాగు. అంటే చచ్చిపోయాడని.

స్ట్రెచర్ బండిలోకి ఎక్కించగానే శవం మాట్లాడ్డం మొదలెట్టింది.

"రంగు దురద పుడుతోంది బాబూ. వీపు గోకవా?"

"చచ్చినవాళ్లకి దురదుండదు."

"నీకంటే ఆ పసుపు కోటాయన నయం. ఎండలో మాడిపోతున్నానని రెండు చేతులా ఎత్తి నీడలో పడుకోబెట్టాడు."

తొండ బ్రేకు తొక్కాడు. శవం ముందుకి జారింది.

"అబ్జర్వరు నిన్ను ముట్టుకున్నాడా?"

"ముట్టుకోవడమేంటి, ఎత్తాడు! నన్ను ఎత్తడమంటే మాటలా?"

"దానికి ముందు ఎక్కడ పడుకున్నావు?"

"వంతెన మీద, మొదటి స్తంభం దగ్గర. కింద ఇనప మూత ఉంటుంది చూడూ, దాని మీద. వేడికి నడుం కాలిపోయిందనుకో."

పెన్ను పడినా వంగని మనిషి, వంద కిలోల మనిషిని ఎత్తాడు! జాలితో కాదు. ఆ మూత తెరిచి కింద మందుగుండు పెట్టాలి కాబట్టి. మీట కూడా పంపు హౌస్‌లో కాదు, అతని చేతిలోనే ఉండాలి.

తొండ బండి వెనక్కి తిప్పాడు. సందు మలుపులో తోపుడుబండి అడ్డం, తర్వాత నీళ్ల ట్యాంకరు అడ్డం. వాచీలో పదకొండూ ఇరవై రెండు.

వైర్‌లెస్ గరగరలాడింది. అక్క గొంతు. "ఏడో నంబరూ! ఆసుపత్రికి వెళ్లకుండా వంతెనవైపు ఎందుకు వెళ్తున్నావు?"

అబ్జర్వర్ల దగ్గరా వైర్‌లెస్‌లున్నాయి, నిజం చెబితే ఆ పసుపు కోటు చెవిలోనూ పడుతుంది. విన్న క్షణంలో మీట నొక్కేస్తాడు.

"దారి తప్పాను."

"ఊళ్లో ఉన్నవే రెండు రోడ్లు కదరా!" అంది అక్క, డ్రిల్ మర్యాదలన్నీ మర్చిపోయి. తర్వాత గొంతు తగ్గించి, "ఒరే... పిల్లలు బస్సెక్కేశారు," అంది.

*

పదకొండూ ఇరవై ఏడు. సైరన్ మోగింది. వంతెన కాపలా జవాన్లు రూలు ప్రకారం పరుగెత్తి షెల్టర్‌లో దూరారు. ఒక్క కానిస్టేబులు మాత్రం బస్సుకి దారి చూపించడానికి మిగిలాడు.

తొండ స్ట్రెచర్ దింపి తోసుకుంటూ వచ్చి, ఇనప మూత దగ్గర వంగి దానికి స్టెతస్కోపు ఆనించాడు. అది మామూలు స్టెతస్కోపు కాదు. మందుగుండు తగిలితే చెవిలో తేనెటీగలా రొద పెడుతుంది.

ఒక్క ఈగ కాదు, తేనెపట్టంతా లేచింది.

పది గజాల అవతల రెయిలింగుకి ఆనుకుని పసుపు కోటు. చేతిలో రాసుకునే అట్ట. ఆ అట్ట వెనక బొటనవేలు.

"కానిస్టేబుల్ గారూ," అన్నాడు తొండ మెల్లిగా, "ఆ మనిషిని పట్టుకోండి."

"ఏ మనిషి?"

"అదిగో, పసుపు కోటు!"

"నాకెవరూ కనబడ్డం లేదు," అన్నాడు కానిస్టేబులు గర్వంగా. "మా స్టేషన్‌కి ఫుల్ మార్కులు రావాలి తమ్ముడూ. నన్ను పడెయ్యకు."

అవతలి మలుపులో బస్సు కనిపించింది. కిటికీలోంచి ఒక చిన్న చెయ్యి, బిగించి కట్టిన రిబ్బను. మేనకోడలు మామయ్యని గుర్తుపట్టి చెయ్యి ఊపుతోంది. ముందు చక్రాలు వంతెన ఎక్కాయి.

పసుపు కోటు బస్సువైపు చూశాడు. తర్వాత వాచీ. తర్వాత మూత దగ్గరున్న తొండ వైపు. రెండడుగులు వెనక్కి వేసి, వంతెన దిగడానికి తిరిగాడు. అట్ట పైకి లేచింది.

తొండ బలమంతా పెట్టి స్ట్రెచర్‌ని తోసేశాడు. వంద కిలోల శవం, చక్రాలు, ఇనుము అన్నీ కలిసి వెళ్లి ఆ మనిషి మోకాళ్లని కొట్టాయి. అట్ట గాల్లోకి ఎగిరింది. తొండ దూకి దాన్ని రెండు చేతుల్తో అందుకుని, వెనకున్న బ్యాటరీ పీకేశాడు. మీట మీద ఎర్రలైటు ఒకసారి మినుక్కుమని చచ్చిపోయింది. పదకొండున్నర.

పసుపు కోటు జేబులోకి చెయ్యి పోనిచ్చాడు.

"వాడి మీద కూర్చో!" అని అరిచాడు తొండ.

"నేను చచ్చాను కదా, లేవకూడదు!" అంది శవం.

"లేవక్కర్లేదు, దొర్లు!"

శవం దొర్లింది. కింద పడ్డవాడి ఊపిరీ తుపాకీ రెండూ ఒకేసారి బయటికొచ్చాయి.

బస్సు వాళ్ల పక్కనుంచి, మూత మీదుగా మెల్లిగా దాటింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. డ్రిల్‌లో ఇది అన్నిటికంటే బాగుందని వాళ్ల ఉద్దేశం.

*

అక్క కంట్రోల్ రూమ్ నుంచి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. పిల్లని ఎత్తుకుని వేళ్లూ చెవులూ అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. ఆ తర్వాతే తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వసలు ఎవడివిరా?"

"నీ తమ్ముణ్ణి."

"అది తెలుసు. ఇంకా?"

తొండ మేనకోడలి రిబ్బను ముడి మళ్లీ బిగించాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆవిడ జన్మలో ఒక ప్రశ్నని సగంలో వదిలెయ్యడం అదే మొదటిసారి.

ఫోన్ మోగింది. పెద్దాయన.

"మేడమ్ కబురు చేసింది. ముఠాలో ఇద్దర్ని వంతెనకి దూరంగా పంపు హౌస్‌కి తప్పించిందట. వెళ్లి పట్టుకున్నాం. తుపాకులు తలుపువైపు గురిపెట్టి కూర్చున్నారు."

"నన్ను కూడా అక్కడికే రమ్మంది సార్! ఒక్కణ్ణే!"

"అదీ అడిగాను. నువ్వు ఎలాగూ తన మాట నమ్మవని తెలిసే చెప్పిందట."

తొండ నదివైపు చూస్తూ ఆలోచించాడు. "మీరు నమ్మారా?"

"పూర్తిగా నమ్మాను. ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతోంది," అన్నాడు పెద్దాయన. "బేడీలున్నా కప్పు ఎంత నాజూగ్గా పట్టుకుంటుందనుకున్నావు!"