దర్బారు కప్పు మీది కొంగలు

"ఆగుండ్రి! ఆ సున్నం బకెట్ కిందికి దించుండ్రి!"

నిచ్చెన మీది మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. పని చేయిస్తున్న ఓవర్‌సీర్ దిగంబర్ వెనక్కి తిరిగాడు. మ్యూజియంలో బొమ్మలు తగిలించడానికి వచ్చిన డ్రాయింగ్ టీచర్ ఆండాళ్, కళ్ళెర్రజేసి చూస్తోంది.

నాందేడ్‌లో గోదావరి ఒడ్డునున్న ఆ హవేలీని నిజాం కాలంలో ఒక జాగీర్దారు కట్టించాడు. విలాయత్ చూసొచ్చిన మోజు అంతా ముందు వైపే కనిపిస్తుంది: బారులు తీరిన తెల్లటి గుండ్రటి స్తంభాలు, వాటి మీద త్రికోణపు నుదురు. లోపల దర్బారు కప్పు మీద మాత్రం గోదావరి కొంగల్నే గీయించుకున్నాడు. జాగీర్లు పోయాక అది జొన్నల గోదాం అయింది. ఇప్పుడు, డెబ్భై మూడులో, అందరూ చూసే బొమ్మల మ్యూజియం కాబోతోంది.

"కప్పు కురుస్తుంది మేడం. గీకి సున్నం కొట్టకుంటే పెచ్చులూడి ఎవరి నెత్తి మీదనన్న పడ్తే జవాబు నేను చెప్పాలె."

"కురిసేది కప్పయితే కొంగలకెందుకు శిక్ష? ఇన్నేండ్లు దొరలే చూసిండ్రు. ఇగ బిలోలి నుంచి బస్సెక్కి అచ్చేటోళ్ళు చూడొద్దా?"

దిగంబర్‌ది బిలోలి పక్క పల్లె. వాళ్ళ తాతను ఈ గేటు దాటనిచ్చిన వాళ్ళు లేరు. అతను మొదటిసారి తలెత్తి కప్పు వైపు చూశాడు. చాలాసేపు దించలేదు.

"సున్నం ఆపు మేస్త్రీ," అన్నాడు. "పైవాళ్ళకు నేను చెప్పుకుంట."

మధ్యాహ్నం వాన పట్టుకుంది. కురిసే చోటు దొరికేది అప్పుడే. ఇద్దరూ మిద్దె ఎక్కారు. పగిలిన తూములో అతను గచ్చు కూరుతుంటే, ఆమె గొడుగు పట్టింది.

"గొడుగు నా మీద పట్టుండ్రి! గచ్చు మీద కాదు."

"గచ్చు తడిస్తే కొట్టుకపోతది. మీరు తడిస్తే ఆరుతరు."

అతను వానలో నిలబడి పకపకా నవ్వాడు. ఆమె నవ్వాపుకోబోయి గొడుగే వదిలేసింది.

మ్యూజియం తెరిచిన రోజు దిగంబర్ తల్లి కాశీబాయి పల్లె నుంచి వచ్చింది. మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"మనమెక్కొచ్చునారా?"

అతను మెట్లు దిగబోయేంతలో, ఆండాళే వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "రండ్రి అవ్వా, ఇది మీదే."

కొంగల కింద కాశీబాయి కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న పిల్లను, ఆ పిల్లనే చూస్తున్న కొడుకును మార్చి మార్చి చూసింది.

"ఎవరి బిడ్డవు తల్లీ?"

"రైల్వేల గార్డు అనంతరాములు బిడ్డను."

"మీ నాయిన ఇంట్ల ఎప్పుడుంటడు?"

దిగంబర్ చెవులు ఎర్రబడ్డాయి. "అవ్వా! గిదేందే, గిక్కడ?"

ఆండాళ్ తల వంచుకుంది. పెదవుల కొసన నవ్వు మాత్రం దాగలేదు.

"ఐతారం ఇంట్లనే ఉంటడు, అత్తమ్మా."