ఒకే రింగులో రెండు పళ్ళు

పన్ను రెండు ముక్కలై టేబుల్ మీద ఉంది.

నోట్లో మొలిచిన పన్ను కాదు. పింగాణీ క్రౌన్, అరగదీసిన పన్ను మీద తొడిగేది. వకీలు ఒకాయనకి ముందు పన్నుగా పెట్టారు. వారం తిరగకముందే కోర్టులో వాదిస్తుండగా విరిగింది. ముక్క నాలుక మీదికి వచ్చి మాట ఆగిపోయిందట.

దుర్గారావు భూతద్దం అందించాడు. "లోపల చూడండి మావయ్యా."

సత్తిరాజు చూశాడు. విరిగిన అంచు నిండా సూదిమొన పట్టేంత గుంటలు. బుడగలు. పన్ను సరిగ్గా వాటి దగ్గరే విరిగింది.

సత్తిరాజు రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్‌లో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. వ్యాగన్ దొంగల్ని పట్టిన మనిషి. భార్య పోయాక ఎవరింటికీ వెళ్ళడం మానేశాడు. ఎదుటివాళ్ళ సంసారం కళ్ళబడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. దుర్గారావు రైల్వే కాలనీలో తన కళ్ళముందు పెరిగినవాడు కాబట్టి తెలీబంధాలో అతని ల్యాబ్ దాకా వచ్చాడు.

దుర్గారావుది పళ్ళు తయారుచేసే ల్యాబ్. పనిచేసేది ముగ్గురు. దివ్య, ఆమె భర్త విజయ్, సీనియర్ గంగాభవాని. బుడగలు వస్తున్నది దివ్య చేసిన క్రౌన్లలోనే. నెల రోజులుగా ఇదే వరస. టాటీబంధ్‌లో పెట్టబోయే కొత్త ల్యాబ్‌కి ఆమెనే ఇన్‌ఛార్జ్ చేద్దామనుకున్నాడు. ఇప్పుడు ఆర్డర్లిచ్చే పళ్ళ డాక్టర్లు ఆమెని తీసెయ్యమంటున్నారు.

"ఎవరో కావాలని చేస్తున్నారని దివ్య అంటోంది. మిగతావాళ్ళు ఆమె చెయ్యే పాడైందంటున్నారు. సాయంత్రం డాక్టర్లకి జవాబు చెప్పాలి మావయ్యా. దోషి దొరక్కపోతే దివ్యని పంపించెయ్యాలి."

సత్తిరాజు ముందు గంగాభవానిని పిలిచాడు. పని ఎలా జరుగుతుందో చెప్పమన్నాడు.

ఆమె విడమర్చి చెప్పింది. ముందు పన్ను ఆకారాన్ని ఆకుపచ్చ మైనంతో చెక్కుతారు. దాన్ని రింగు అనే గొట్టంలాంటి అచ్చులో నిలబెట్టి చుట్టూ ఇన్వెస్ట్‌మెంట్ అనే పిండి కలిపి పోస్తారు. అది రాయిలా బిగుస్తుంది. కొలిమిలో పెడితే మైనం కాలిపోయి పన్ను ఆకారంలో ఖాళీ మిగులుతుంది. మెత్తబడిన పింగాణీని ఫర్నేస్‌లో ఆ ఖాళీలోకి ప్రెస్ చేస్తారు. రింగులు, కొలిమి, ఫర్నేస్ విజయ్ చూస్తాడు. మైనం చెక్కడం ఆడవాళ్ళిద్దరి పని. మైనం కరిగించే కరెంటు గిన్నె ఎవరిది వాళ్ళదే.

"పిండిలో గాలి చేరి బుడగలు రావచ్చుగా?"

"అలాగైతే పన్ను మీద పొక్కులొస్తాయి బాబాయ్ గారూ. లోపల గుంటలు పడవు. లోపల పడ్డాయంటే పింగాణీలో తేడా ఉండాలి, లేదంటే వేడిలో. అదీ కాదంటే ఖాళీలో ఏదో మిగిలిపోయుండాలి."

"దివ్య రాకముందు ఇక్కడ పెద్ద పనిమంతురాలివి నువ్వేనట."

"నానే."

"ఆమె అంటే కుళ్ళా?"

"కుళ్ళే. దాచుకోడానికేటుంది? పదిహేనేళ్ళు నా పేరు అడిగిన డాక్టర్లు ఆ పిల్లొచ్చాక దివ్య ఉందా అన్నారు. నాకు మండదా? ఆ పిల్ల మొహం మీదే చెప్పినాను. అంతేగాని, పని పాడుసెయ్యను."

సత్తిరాజు ఆమెని నమ్మలేదు. ఆయన ఎవర్నీ నమ్మడు.

తర్వాత విజయ్. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఫర్నేస్ తుడుస్తూనే జవాబిచ్చాడు.

"నా ఫర్నేస్‌లో గల్తీ లేదు అంకుల్. సబూత్ కావాలంటే కళ్ళకే చూపిస్తాను."

ప్రెస్ చేశాక పళ్ళకి అంటుకుని మిగిలే పింగాణీ కాడ ఒకటి తెచ్చాడు. దాని చివర్లకి ఇంకా కోయని పళ్ళు రెండున్నాయి. ఒకటి గంగాభవాని చేసింది. అద్దంలా ఉంది. రెండోది దివ్యది. వెలుగుకి పెడితే లోపల బుడగల గుంపు కనిపించింది.

"ఇద్దరివీ ఒకే రింగులో పెట్టాను. పిండీ వేడీ పింగాణీ అన్నీ ఒకటే. తేడా ఎక్కడుందో మీరే చూడండి." గొంతు తగ్గించాడు. "అలసిపోయింది పాపం. ఇంటిపట్టున ఉండమంటున్నాను. వినదు."

మధ్యాహ్నం భార్యాభర్తలు ఒకే పళ్ళెంలో అన్నం తిన్నారు. విజయ్ చేపముక్కలో ముళ్ళు ఏరి ఆమె వైపు పెట్టాడు. సత్తిరాజు కిటికీ దగ్గర హోటల్ పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని కట్టేశాడు. వాళ్ళకే ఎందుకు రాసిపెట్టి ఉండాలి?

ఆ మంటతోనే దివ్యని కాస్త కటువుగా అడిగాడు.

"నీ చెయ్యి పాడైందా?"

"లేదండీ. ఈ పనిలో తప్పు చేస్తే నాకే ముందు తెలుస్తుంది."

"నీ గిన్నె ఎవరు ముట్టుకుంటారు?"

"ఎవరూ ముట్టుకోరు. నేను పాపని స్కూల్లో దింపి వస్తాను. ఆయన ముందే వచ్చి నా గిన్నె స్విచ్ వేసి ఉంచుతారు. నేనొచ్చేసరికి మైనం కరిగి సిద్ధంగా ఉంటుంది." చెబుతూ నవ్వింది. ఉదయం నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

సత్తిరాజు చూపు తిప్పుకున్నాడు. గోడకి పాప వేసిన బొమ్మలున్నాయి. ఇల్లు, కొండ, చెట్లు. మళ్ళీ ఇల్లు, కొండ, చెట్లు. కింద తాజాగా అంటించిన బొమ్మలో ఇల్లు ఎర్రగా ఉంది, చెట్లు నీలంగా ఉన్నాయి.

ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం అందర్నీ పిలిపించాడు. రెండు స్టీలు గరిటెలు, స్పిరిట్ దీపం తెప్పించాడు. గంగాభవాని గిన్నెలోంచి చిటికెడు మైనం ఒక గరిటెలో వేసి కాల్చాడు. మంట లేచి ఆరింది. గరిటెలో నల్లటి మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకాస్త ఎర్రగా కాలిస్తే అదీ పోయింది.

రెండో గరిటెలో దివ్య మైనం వేశాడు. ఎంత కాల్చినా అడుగున తెల్లటి పొడి మిగిలింది.

గంగాభవాని వేలితో రుద్ది చూసింది. "సుద్దలా ఉంది. మన మైనంలో ఇది ఉండదు."

"క్రేయాన్‌లో ఉంటుంది," అన్నాడు సత్తిరాజు. "పిల్లలు రంగులేసుకునే క్రేయాన్. మైనంలో సుద్ద కలిపి చేస్తారు. ఆకుపచ్చ మైనంలో ఆకుపచ్చ క్రేయాన్ కరిగిస్తే కంటికి తెలియదు. కొలిమిలో మైనం పోతుంది, సుద్ద మిగులుతుంది. దాని మీదికి పింగాణీ వస్తే ఏమవుతుంది?"

"బుడగలు," అంది గంగాభవాని.

"విజయ్, ఆ రెండు పళ్ళూ ఒకే రింగులో ఎందుకు పెట్టావు?"

"పిండి కలిసొస్తుందని."

"అబద్ధం. పక్కపక్కన పెట్టి నీ పెళ్ళాం పని చెత్తని చూపించడానికి పెట్టావు. తప్పు అక్కడే చేశావు. పిండీ ఫర్నేస్ పింగాణీ అన్నీ ఒకటేనని నీ నోటితో చెప్పావు. ఇక మిగిలింది మైనం. ఆ గిన్నె దగ్గర రోజూ పొద్దున్నే ఒంటరిగా ఉండేది నువ్వు."

"తాళం గంగక్క దగ్గరా ఉంటుంది."

"గంగాభవాని కుళ్ళుకుంది. పదిమందిలో కుళ్ళుకుంది. కానీ ఆమె ఇంట్లో పసిపిల్లలు లేరు. మీ ఇంట్లో ఆకుపచ్చ క్రేయాన్ పోయింది. మీ పాప చెట్లకి నీలం వేస్తోంది."

అందరూ గోడ వైపు చూశారు.

విజయ్ చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దాన్ని మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"ఆ పని నేను నేర్పిందే," అన్నాడు చివరికి. "మైనం కత్తి పట్టుకోవడం నుంచి నేనే నేర్పాను. ఆమెకి పేరొచ్చాక ఫోన్ నేనెత్తితే దివ్యకివ్వండి అన్నారు. ఒక్క డాక్టరూ నా పేరు అడగడు. టాటీబంధ్‌లో ఆమె కుర్చీలో కూర్చుంటే నేను కింద రింగులు మొయ్యాలా?"

దివ్య ఏడవలేదు.

"ఆకుపచ్చ పోయిందని పాప ఏడిచింది," అంది. "చెట్లు నీలంగా కూడా ఉంటాయమ్మా అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పావు. నువ్వే చెప్పావు."

పెళ్ళైన నాటి నుంచి ఈ మాట దాకా ఆమె అతన్ని మీరు అనే పిలిచింది.

పోలీసులకి చెప్పనా అని దుర్గారావు అడిగాడు. ఆమె వద్దంది. కొత్త మైనం తెప్పించమంది. వకీలు గారి పన్ను రేపే మళ్ళీ చేస్తానంది. ఫర్నేస్ దగ్గర గంగక్క ఉంటే చాలంది.

"ఉంటాను. నువ్వు బాగా సేస్తే నాకు మళ్ళీ కుళ్ళు పుడతాది. ముందే సెప్తన్నాను," అంది గంగాభవాని.

"పుట్టనీ అక్కా. నాకు చెప్పు, చాలు."

దివ్య గోడ మీది బొమ్మలు ఒక్కొక్కటే ఊడదీసి చుట్టుకుంది. సంచిలోంచి మధ్యాహ్నం తిన్న పళ్ళెం తీసింది. కడిగే ఉంది. దాన్ని విజయ్ ముందు పెట్టింది.

"ఇది నువ్వుంచుకో."

సత్తిరాజు బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. మధ్యాహ్నం ఆ పళ్ళెం చూసే ఆయనకి అన్నం సహించలేదు.