మూడో రోజు వాయిస్ మెసేజ్

ఆశ పరిగెడుతోంది.

ఓడ ఏడో అంతస్తు. ఇరుకు వరండా. రెండు పక్కలా మూసిన తలుపులు. కాళ్ళకి చెప్పుల్లేవు.

ఇంకా ఆరైనా కాలేదు. ఓడంతా నిద్రలో ఉంది.

మెట్లు... మళ్ళీ మెట్లు... ఐదో అంతస్తులో సెక్యూరిటీ ఆఫీసు. నిన్న మధ్యాహ్నం ఆ బోర్డు చూసింది. అక్కడికి చేరితే చాలు!

వెనక అడుగుల చప్పుడు లేదు.

వాడు ఎందుకు పరిగెత్తడం లేదు?

బోర్డు కనిపించింది. తలుపు సందులోంచి వెలుతురు. లోపల ఎవరో దగ్గుతున్నారు. ఆశ చెయ్యి ఎత్తింది... తలుపు కొట్టబోయింది...

టింగ్!

చేతిలో ఫోన్. వాట్సాప్‌లో ఫొటో.

విశాఖ ఫిషింగ్ హార్బర్. చేపల బుట్ట ముందు పీట వేసుక్కూర్చున్న ఆడమనిషి. చిట్టమ్మ. ఆశ తల్లి!

కింద రెండు లైన్లు.

‘ఇప్పుడే తీసిన ఫొటో. మా వాడు మీ అమ్మ పక్కనే ఉన్నాడు. తలుపు కొట్టండి మేడమ్, నాకేం అభ్యంతరం లేదు.’

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మెట్ల మీంచి ఉమామహేష్ తాపీగా దిగుతున్నాడు. తెల్ల టీషర్టు. చేతిలో కాఫీ కప్పు. మొదటి రోజు టిఫిన్ల దగ్గర నవ్వుతూ పరిచయమైన మనిషి. మాది విజయవాడ అన్నాడు. ఇద్దరికీ ఫొటో కూడా తీసి పెట్టాడు.

రాత్రి ఆమె భర్తని సముద్రంలోకి తోసింది వీడే.

భోజనాలయ్యాక ఓడ వెనక వైపు డెక్ మీద నిలబడ్డారు, ముగ్గురూ. మంచి గాలి. చుట్టూ ఎవరూ లేరు. ఒక్క తోపు! అరుపు కూడా వినపడలేదు. ఇంజను హోరు తప్ప ఇంకేం లేదు.

"అరిస్తే మీ అమ్మ ఉండదు" అన్నాడు ఉమామహేష్ అప్పుడే. చల్లగా.

ఆశ సగమే నమ్మింది. అందుకే తెల్లారగానే పరిగెత్తింది. ఇప్పుడు మొత్తం నమ్మింది.

"రండి మేడమ్. గదిలో మాట్లాడుకుందాం."

ఆశ నడిచింది. కింద తివాచీ మీద నీలం చేపల బొమ్మలు. వాటికి రెక్కలు తప్పుగా వేశారు అనుకుంది. మొగుడు పోయిన ఆడది చేపల రెక్కలు చూస్తోందేమిటి? తనకే తెలియడం లేదు. రాత్రి నుంచి ఒక్క చుక్క కన్నీరు రాలేదు. లోపల ఏదో స్విచ్ కట్టేసినట్టుంది.

గది తలుపు మూసుకుంది.

"మీ ఆయన మీద నాకేం కోపం లేదు" అన్నాడు ఉమామహేష్, కుర్చీ లాక్కుని. "చూడకూడనిది చూశాడు. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్తానన్నాడు. అదే తప్పు."

ఆశ భర్తది కంటైనర్ యార్డులో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఒక రాత్రి ఎవరో సీలు తెగ్గొట్టి సరుకు దించడం అతను కళ్ళారా చూశాడు. పోయిన వారం ఫోనొచ్చింది. షాపింగ్ మాల్ లక్కీ డ్రాలో మీకు క్రూయిజ్ టికెట్లు తగిలాయి... విశాఖ నుంచి పుదుచ్చేరి, మళ్ళీ విశాఖ, నాలుగు రోజులు. చీటీ ఎప్పుడు వేశారో ఇద్దరికీ గుర్తు రాలేదు. అయినా ఎగిరి గంతేశారు.

"రేపు సాయంత్రం విశాఖలో దిగుతాం. నేను జనంలో కలిసి వెళ్ళిపోతాను. ఆ తర్వాత మీరు ఏడవండి. తాగి పడిపోయాడని చెప్పండి. మీ అమ్మ బతికే ఉంటుంది. అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాకూడదు. ఫోన్ ఇటివ్వండి."

లాక్కున్నాడు. స్క్రీన్‌ని వేలితో పైకి తోశాడు. ఆమె తల్లికి రోజూ పంపుతున్న వాయిస్ మెసేజ్‌లు. చిట్టమ్మకి చదువు రాదు. అందుకే ఓడలో చూసిందల్లా ఆశ నోటితో చెప్పి పంపుతోంది. హార్బర్‌లో చేపలమ్మే ఆడవాళ్ళంతా చుట్టూ చేరి వింటున్నారు.

మొదటిది నొక్కాడు.

"అమ్మా, ఎక్కేసినామే! ఇది ఓడ కాదే... జగదాంబ సెంటర్ని తెచ్చి నీళ్ళల్లో ఎట్టేసినారు! సముద్రం మద్దిన ఈత కొలను కట్టినారు. సుట్టూ ఇన్ని నీళ్ళుంటే తొట్లో ములుగుతన్నారు జనం! మీ అల్లుడైతే లిఫ్టు దిగట్లేదు. పైకీ కిందకీ తిరగడమే."

రెండోది.

"అమ్మా, ఇయాల ఒడ్డే కనపళ్ళేదు. మజ్జానం సేప కూర ఎట్టినారు. ముల్లూ నేదు, రుచీ నేదు. నువ్వొచ్చి ఒండితే ఈ వంటోళ్ళందరూ నీకు దణ్ణం ఎడతారు. మీ అల్లుడు మూడుసార్లు ఎట్టించుకున్నాడు. సిగ్గు నేదు మనిసికి!"

నిన్నటి గొంతు. ఎవరిదో గొంతులా ఉంది.

"ఇదే హుషారు కావాలి" అన్నాడు ఉమామహేష్. "కాసేపట్లో పుదుచ్చేరి. అది బాగుంది, ఇది బాగుంది అనండి. మీ ఆయన పడుకున్నాడనండి. నేను విన్నాకే పంపుతాను. కానీండి."

ఆశ చెప్పింది. గొంతు చప్పగా వచ్చింది. చెరిపేశాడు.

"మళ్ళీ!"

మళ్ళీ చెప్పింది. చెరిపేశాడు.

"మీ అమ్మ గుర్తుందా మేడమ్?"

ఆశ కళ్ళు మూసుకుంది. ఊపిరి పీల్చింది.

"అమ్మా, మూడో రోజే! పుదుచ్చేరి వచ్చేసినాం. గోడలన్నీ పసుపు రంగేనే... ఊరు ఊరంతా పెళ్ళిల్లు లాగుంది. మోహన్ పడుకున్నాడు. తలనొప్పంట. మోహన్‌కి మజ్జిగ తెచ్చిచ్చినాను. సాయంత్రం మోహనూ నానూ డాన్సు సూడ్డానికి ఎల్తాం."

ఆగింది.

పెళ్ళయి ఆరేళ్ళు. ఆ పేరు ఆమె నోట రావడం ఇదే మొదటిసారి.

విశాఖ పక్కన యారాడలో, వాళ్ళ జాలరి ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. సముద్రం మీదికి వేటకి వెళ్ళే మగాళ్ళు. పెళ్ళాం నోట పేరు వస్తే ఆ మనిషికి ఆయుష్షు తగ్గిపోతుందని భయం. పెళ్ళైన కొత్తలో రేషన్ కార్డు ఆఫీసులో గుమాస్తా భర్త పేరు అడిగాడు. ఆశ చెప్పబోయింది. చిట్టమ్మ అందరి ముందూ చెంప పగలగొట్టింది. తనే పేరు రాయించింది.

ఇంక తగ్గడానికి ఆయుష్షు లేదు. అందుకే పలికింది. మూడుసార్లు.

అమ్మకి అర్థమవుతుంది. కచ్చితంగా అవుతుంది!

ఉమామహేష్ ఫోన్ చెవికి ఆనించుకుని మొత్తం విన్నాడు. మళ్ళీ ఒకసారి విన్నాడు. నిన్న అతని భార్య వీడియో కాల్ చేసింది. హాయ్ మహేష్, ఎలా ఉన్నావ్ మహేష్ అంటూ పది నిమిషాలు మాట్లాడింది. అతని చెవికి ఇందులో తప్పేం దొరకలేదు.

"సూపర్ మేడమ్!"

పంపేశాడు.

అప్పుడు తట్టింది ఆశకి.

అమ్మకి అల్లుడు పోయాడని తెలుస్తుంది. పక్కన కత్తి పెట్టుకుని ఒకడు కూర్చున్నాడని తెలియదు! అమ్మ గుండెలు బాదుకుని ఏడిస్తే? ఏడవకుండా ఎలా ఉంటుంది? వాడు చూస్తాడు. ఫోన్ చేస్తాడు...

ఏం చేసింది తను! తన నోటితోనే తల్లిని చంపుకుంటోందా?

పది గంటలకి ఉమామహేష్ ఫోన్ మోగింది. వీడియో వచ్చింది. చూసి నవ్వాడు. ఆశ ముందు పెట్టాడు.

చిట్టమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది. ఒళ్ళో ఫోన్. ఫోన్లోంచి ఆశ గొంతు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"...మోహన్ పడుకున్నాడు..."

చిట్టమ్మ చెయ్యి ఆగింది.

పక్కనున్న ముసలమ్మ నోరు తెరవబోయింది. చిట్టమ్మ ఆమె మోకాలి మీద చెయ్యేసి నొక్కింది.

మళ్ళీ చేప కోసింది. ఒక ముక్క... ఇంకో ముక్క...

కెమెరా వెనక నుంచి మగ గొంతు.

"ఏటంటంది పిన్నీ కూతురు?"

"బాగుందంట బాబూ. ఓడ బాగుందంట."

"మరల్లుడో?"

"పడుకున్నాడంట."

"ఊఁ... మా పడవ తుఫానుకి పోయినాక ఇంత తాజా వంజరం సూణ్ణేదు పిన్నీ."

వీడియో అయిపోయింది.

ఆశ ఆ మాట పట్టుకుంది. పడవ పోయినోడు. పిన్నీ అంటున్నాడు. వీడు మనోడే! వేటకెళ్ళే ఇంట్లో పుట్టినోడే. వాళ్ళమ్మ కూడా వాళ్ళ నాన్న పేరు పలికి ఉండదు.

అమ్మ విన్నదంతా వాడూ విన్నాడు!

ఉమామహేష్ ఫోన్ మళ్ళీ మోగింది.

"చెప్పు అప్పలసూరీ..."

వింటూ ఆశ వైపే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

"ఊఁ... ఊఁ... సరే."

పెట్టేశాడు. ఆశ గోడకి ఆనుకుంది.

"మీ అమ్మ మా వాడికి అన్నం పెడతానందట" అన్నాడు ఉమామహేష్. "మంచి ఆవిడ అంటున్నాడు."

అంతే.

సూరి ఎందుకు చెప్పలేదు? అర్థం కాలేదా? అర్థమై ఊరుకున్నాడా? దేనికోసం ఊరుకున్నాడు?

ఆశకి ఆలోచన సాగలేదు. మంచం చివర కూర్చుంది. గది తుడవడానికి వచ్చిన కుర్రాడికి సారుకి ఒంట్లో బాగోలేదని చెప్పింది. ఉమామహేష్ పక్కనే నిలబడి తల ఊపాడు. మధ్యాహ్నం ఓడ మళ్ళీ కదిలింది. పక్కన ఖాళీ దిండు. దాని మీద తల ఒత్తిన గుంట ఇంకా ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు ఉందో ఆమెకే తెలియదు.

నాలుగో రోజు.

"అమ్మా, సాయంత్రానికి వచ్చేత్తాం. రాత్రి డాన్సు బాగుంది. అందరూ గెంతినారు. ఇదే ఆకరి రోజు."

ఇంతకన్నా హుషారు ఆమె దగ్గర లేదు. ఉమామహేష్ కూడా పట్టుబట్టలేదు.

జవాబు వచ్చింది. చిట్టమ్మ గొంతు.

"సరే తల్లీ. జాగర్తగా రా. తొందరపడకు. నాను ఒడ్డు కాడే ఉంటాను."

అల్లుడెలా ఉన్నాడని అడగలేదు. అమ్మకి తెలిసిపోయింది!

సాయంత్రం నాలుగు. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించింది. జనం డెక్ మీదికి పరుగులు తీస్తున్నారు. ఫొటోలు, కేకలు, పాటలు. ఉమామహేష్ ఆశ మోచెయ్యి పట్టుకుని ఏడో అంతస్తు వరండాలోకి తిరిగాడు. గదిలో బ్యాగు తీసుకోవాలి.

ఆగిపోయాడు.

ఆశ గది తలుపు ముందు ఇద్దరు. నీలం యూనిఫాం. వాకీటాకీ.

సెక్యూరిటీ!

వేళ్ళు ఆమె మోచేతిలోకి దిగాయి.

"చెప్పేశావా?"

‘మేడమ్’ పోయింది. ‘మీరు’ పోయింది.

"నాను సెప్పనేదు!"

"మరి వాళ్ళెందుకొచ్చారే?"

ఆశ చెయ్యి విదిలించింది. పరిగెత్తింది!

మెట్లు... ఎనిమిది... తొమ్మిది... జనం... సెల్ఫీలు... ఎవరి జ్యూస్ గ్లాసో ఎగిరి పడింది. "కళ్ళు కనపడవా అమ్మా!" అన్నారెవరో. ఈత కొలను దాటింది. రెయిలింగ్! ఇంక దారి లేదు.

వెనక్కి తిరిగింది.

ఉమామహేష్ నడిచే వస్తున్నాడు. చెవి దగ్గర ఫోన్.

"పరిగెత్తు. ఇక్కణ్ణించి హార్బర్‌కి పరిగెత్తగలవా?"

ఆశ చేతులు జోడించింది.

"సార్... వద్దు సార్... మా అమ్మకి ఏటీ తెలీదు సార్..."

"నువ్వు మాట తప్పావు. నేనూ తప్పుతాను."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. వినమన్నట్టు ఆమె వైపు చాపాడు. రింగవుతోంది. ఒకటి... రెండు...

"సార్" అంది అప్పలసూరి గొంతు.

"ముసల్ది ఎక్కడుంది?"

"నా పక్కనే ఉంది సార్."

"ఏసెయ్."

ఆశ ఫోన్ అందుకోబోయింది. ఉమామహేష్ వెనక్కి లాక్కున్నాడు.

"సూరీ! వినపడిందా? ఏసెయ్ అంటున్నా! మొగుణ్ణి పంపిన చోటికే దీన్నీ పంపి వస్తాను. నువ్వు ముసల్దాని పని చూడు!"

"ఇనపడింది సార్." అప్పలసూరి గొంతు నెమ్మదిగా ఉంది. "అందరికీ ఇనపడింది. ఎస్సై గారు రికార్డు సేసుకున్నారు."

ఉమామహేష్ మొహంలో రంగు పోయింది.

"ఏంటి... ఏం వాగుతున్నావ్?"

"కాపలా కాయమన్నావు, కాసినాను సార్. బెదిరించడానికే అన్నావు. మనిసిని సముద్రంలోకి తోసేసినావని సెప్పనేదు. మా నాన్న అందులోనే పోయినాడు. నిన్న ఆ పిల్ల మొగుడి పేరు పలికింది. పిన్ని నాకేసి సూసింది. నానూ సూసినాను. అన్నం కాడ పిన్నికి అంతా సెప్పేసి ఇద్దరం టేసన్‌కి ఎల్లిపోయినాం. ఎస్సై గారే ఓడకి కబురెట్టినారు. నీ నోటి మాట కోసమే ఆగినాం సార్."

ఉమామహేష్ ఆశ మీదికి దూకాడు!

చేతులు ఆమె మెడ దాకా రాలేదు. వెనక నుంచి ఇద్దరు నీలం చొక్కాలు పట్టేసుకున్నారు. ఇంకొకడు మోకాళ్ళ మీద తన్నాడు. ఉమామహేష్ తడి డెక్ మీద బోర్లా పడ్డాడు. జనం కెవ్వుమన్నారు. పాట ఆగిపోయింది.

ఫోన్ జారుకుంటూ ఆశ కాలి దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకా లైన్లోనే ఉంది.

ఆశ వంగింది. తీసింది.

"అమ్మా..."

"తల్లీ!" చిట్టమ్మ గొంతు. "దెబ్బేటైనా తగిలిందేటే?"

"నేదమ్మా."

"ఒక్కదానివే దిగుతావేటే?"

ఆశ రెయిలింగ్ పట్టుకుంది. అడిగింది అమ్మ. అబద్ధం చెప్పించేవాడు ఇంక పక్కన లేడు.

"ఆఁ... ఒక్కదాన్నే."

రెండు రోజులుగా రానిది అప్పుడొచ్చింది. కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది. ఆశ డెక్ మీద కూలబడిపోయింది. చుట్టూ వందమంది చూస్తున్నారని కూడా తెలియలేదు. నోరు తెరిచి ఏడ్చింది.

"ఏడు తల్లీ" అంది చిట్టమ్మ. ఆమె గొంతు కూడా పగిలిపోయింది. "నిన్న పొద్దుట్నుంచి పళ్ళ బిగువున ఆపుకున్నాను. ఏడు... నానూ ఏడుత్తాను."