వార్సాకి నలభై గంటలు

"లిస్బన్ నుంచి వార్సా. రోడ్డు మీద మూడువేల మూడువందల కిలోమీటర్లు. ఆగకుండా తోలినా ముప్పైమూడు గంటలు, కునుకులకి ఏడు కలిపితే నలభై." చీఫ్ సీతారామయ్య గోడ మీది మ్యాప్‌పై వేలు జరిపాడు. "ముప్పైతొమ్మిది అయిపోయాయి. మన టైము పదకొండింటికి మీ తమ్ముడు అక్కడి సేఫ్ హౌస్ ముందు కారు దిగుతాడు. ఆ అడ్రసు లీకైందయ్యా జోయెల్. చంపడానికి మనుషులు సిద్ధం."

ఏజెంట్ జోయెల్ కుర్చీలోంచి లేచాడు. విదేశీ ముఠా పేర్లన్నీ ఉన్న చిప్ తమ్ముడు జాషువా జేబులో ఉంది. ఎయిర్‌పోర్టుల్లో ముఠా నిఘా, అందుకే కారు. సిగ్నల్ పట్టేస్తారని ఫోన్ కూడా ఇవ్వలేదు. ఇప్పుడు వాణ్ణి హెచ్చరించే దారే లేదు.

"ఆ వీధిలో పోలీసు గస్తీ ఎక్కువ. హంతకులు పది నిమిషాలకి మించి నిలబడలేరు. కచ్చితమైన టైము కోసం చూస్తున్నారు."

"ప్లాన్ ఎవరెవరికి తెలుసు సార్?"

"నాకు, నీకు, సెలీనాకి."

సెలీనా వాళ్ళ ముఠాలో మనం నాటిన డబుల్ ఏజెంట్. అందానికి అందం, తెలివికి తెలివి అని చీఫ్ మురిసిపోయేవాడు. మురిపెం ఎక్కువైతే కళ్ళు కనపడవు మరి!

పదిన్నరకి ఆమె ఘుమఘుమలాడుతూ లోపలికొచ్చింది. "సారీ అండీ! బాలానగర్ నుంచి రెండు గంటలు. మూసాపేట దగ్గర ట్రాఫిక్ చంపేసింది."

హైటెక్ సిటీలో లేటుగా వచ్చే ప్రతి ఉద్యోగీ రోజూ వల్లించే మాటే. జోయెల్ కూడా అలవాటుగా తలూపేశాడు. ఊపి, కిటికీలోంచి కిందికి చూశాడు.

రోడ్డు బోసిగా ఉంది. తెలంగాణ బంద్ అని నిన్న రాత్రి పదింటికి ప్రకటించారు. తెల్లారినప్పటి నుంచి ఒక్క బస్సు లేదు, ఒక్క ఆటో లేదు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఉద్యమకారులు వంటా వార్పూ చేస్తున్నారు. మదీనాగూడ నుంచి తను బైకు మీద పన్నెండు నిమిషాల్లో వచ్చేశాడు.

"ఏ ట్రాఫిక్ సెలీనా? ఇయ్యాల బంద్."

ఆమె మొహం తెల్లబోయింది. బంద్ సంగతి తెలియలేదంటే నిన్న సాయంత్రం నుంచి ఈ బిల్డింగ్ దాటలేదన్నమాట. కిటికీ లేని, ఫోన్ సిగ్నల్ రాని గది ఇక్కడ ఒక్కటే, బేస్‌మెంట్‌లో సర్వర్ రూమ్!

"తెలివి ఎక్కువైందిరా నీకు," అంటూ సెలీనా లిప్‌స్టిక్ తిప్పింది. ఢాం! గుండు జోయెల్ చెవి పక్కనుంచి పోయి మ్యాప్‌లో దిగింది. రెండో గుండు పేలేలోపు సీతారామయ్య స్టీలు టిఫిన్ క్యారియర్‌తో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. లిప్‌స్టిక్ ఎగిరిపడింది.

"నేను పట్టుకుంటా, నువ్వు పరిగెత్తవయ్యా!"

ఆరంతస్తుల మెట్లు. సర్వర్ కేబుల్‌కి తగిలించిన పౌడర్ డబ్బా. దాని మూతలో బుల్లి తెర: "రాక 11:00, ఇండియా టైము." పక్కన టైమర్ తిరుగుతోంది. హంతకులకి మెసేజ్ వెళ్ళడానికి తొమ్మిది సెకన్లు.

డబ్బా పీకేస్తే వాళ్ళు అనుమానిస్తారు, ఇప్పుడే వీధిలోకి వచ్చేస్తారు. జోయెల్ డబ్బా అలాగే ఉంచి తెర మీద వేలు పెట్టాడు. పదకొండు చెరిపాడు. పదిహేడు కొట్టాడు. మూడు... రెండు... ఒకటి.

వార్సా నుంచి జవాబొచ్చింది: "అందింది. మీ టైము సాయంత్రం ఐదింటికి కలుద్దాం."

పదకొండూ ఏడుకి ఫోన్ మోగింది. సేఫ్ హౌస్ ఫోన్ నుంచి జాషువా.

"అన్నా, లోపలికొచ్చిన. వీధిల ఎవ్వల్లేరు. నడుము ఇరిగిపోయింది."

జోయెల్ మెట్ల మీద కూలబడి, సిగ్గులేకుండా ఏడ్చాడు. "గిట్ల ఇంకోసారి కారు తోలకురా. తిరిగి లిస్బన్ పోయేటప్పుడు విమానమెక్కు."

సెలీనాకి బేడీలు వేసి కిందికి తెస్తున్న సీతారామయ్య ఆ మాట విని నిట్టూర్చాడు.

"విమానమైతే నాలుగు గంటలేనయ్యా. ఆ టికెట్ ఫైలు మీద సంతకాలు పడటానికే నాలుగు నెలలు."